40 అడుగుల నుంచి అడుగు దూరానికి

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్ పాతబస్తీలోని మా ఛత్రినాకలో అమ్మవారి గుళ్లతో పాటు ఫ్లెక్సీ దుకాణాల్లో కూడా రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి బోనాలు దగ్గరపడేకొద్దీ గౌలిపుర, ఉప్పుగూడ, శాలిబండ గల్లీల నుంచి పిల్లలు గుంపులుగా వస్తారు. "అన్నా, పది బై ఎనిమిది. పొద్దుగూకే లోపల కావాలె. ఫోటోలు వాట్సాప్ చేసిన, చూడు" అంటారు. కంప్యూటర్ ముందు కూర్చున్నతను ఆ ఫోటోలు ఒక్కొక్కటే తెరుస్తాడు. ఒకటి చీకట్లో తీసింది. ఒకటి పెళ్లి గుంపులోంచి కత్తిరించింది. ఇంకొకటి గోడ మీది ఫ్రేముకు ఫోన్ పెట్టి తీసింది. అన్నిటికీ వెనకాల ఉన్నదంతా తీసేసి, ముఖాలన్నిటికీ ఒకే వెలుతురు తెచ్చి, నడుమ అమ్మవారిని నిలిపి, పైన నాయకులను, కింద గల్లీ యువజన సంఘాన్ని వరసగా పేరుస్తాడు. ఎవరి ఫోటో ఎంత ఉండాలో, ఎవరి పక్కన ఎవరుండాలో అతనికి తెలుసు. అది తప్పితే గల్లీలో మాటామాటా పెరుగుతుంది. అక్షరాలు కొట్టి, పసుపు నింపి, ఎర్రని అంచు కట్టి ప్రింటుకు పంపేసరికి మరో గుంపు గుమ్మం ముందు నిలబడి ఉంటుంది.

ఈ పనిని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. డిజైన్ అంటే పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లు చేసేదని, ఇది వట్టి అతుకుల పని అని అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. బండి మీద పోయేవాడు 40 అడుగుల దూరం నుంచి, రెండు మూడు క్షణాల్లో, ఎవరు ఎవరికి ఏ పండుగ శుభాకాంక్షలు చెబుతున్నారో గ్రహించాలి. ఆ పరీక్షలో రోజూ నెగ్గుతున్న మనిషికి రంగుల తూకం తెలియదని, అక్షరం తెలియదని ఎట్లా అంటాం?

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చుని, ఇప్పుడు లేవాలనుకుంటున్నవాళ్ల గురించి. అట్లాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఫ్లెక్సీలు ఇగ చాలు. యాప్‌లు, వెబ్‌సైట్లు డిజైన్ చేసే దిక్కు పోదామనుకుంటున్న. పోగలనా? లేకపోతే మళ్లీ ఓనమాల కాడికెళ్లి మొదలుపెట్టాల్నా?"

ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. పని పండుగలకు పోటెత్తుతుంది, మిగతా నెలల్లో పలచబడుతుంది. రాత్రి పని కళ్లను, నడుమును తినేస్తుంది. పైగా 2022 జులై 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన ప్లాస్టిక్ నిషేధంలో 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. అది అమలైన చోట అమలైంది, కాని చోట కాలేదు. కానీ ఈ సరుకు మీద జీవితమంతా ఆధారపడలేమన్న సంగతి దుకాణం నడిపేవాళ్లకూ అర్థమైంది. వీటన్నిటికీ తోడు, శుభాకాంక్షల కార్డు, పుట్టినరోజు పోస్టరు ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లే చేసుకుంటున్నారు. ఒక వాక్యం చెబితే బొమ్మ గీసి ఇచ్చే కృత్రిమ మేధ కూడా చేతికొచ్చింది. కాబట్టి కుర్చీలోంచి లేవాలనుకోవడం చంచలత్వం కాదు. కాలాన్ని గమనిస్తున్నవాడి ఆలోచన అది.

మన పాతబస్తీకి ఇట్లాంటి మలుపులు కొత్త కావు. ఫ్లెక్సీ రాకముందు ఇక్కడి బోర్డులన్నీ కుంచెతో రాసినవే. రేకు మీద ఎనామిల్ రంగుతో, సుద్దముక్కతో గీతలు కొట్టుకుని, ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మూడూ రాసిన పెయింటర్లు ఉండేవారు. ఉర్దూ అక్షరం కుడి నుంచి ఎడమకు, తెలుగు అక్షరం ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకే రేకు మీద ఒకదాన్నొకటి నొక్కేయకుండా కుదరాలంటే ఎంత చూపు కావాలో ఆలోచించండి. చార్మినార్ దాటి ముందుకు పోతే ఛత్తాబజార్. పెళ్లి పత్రికలకు అది పేరున్న చోటు. అక్కడ కాతిబులు, అంటే కలంతో ఉర్దూ ప్రతులు రాసే లేఖకులు, తరతరాలుగా పనిచేశారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గీసిన నూరీ నస్తాలీఖ్ అక్షరాలతో లాహోర్‌లో 'జంగ్' పత్రిక కంప్యూటర్ మీద కూర్చడం మొదలైంది. 1990లలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి, ఆ అక్షరాలు మామూలు దుకాణంలోని కంప్యూటర్‌లోకి కూడా దిగాయి. కలం పట్టిన చేతులు చాలావరకు ఖాళీ అయ్యాయి. ఆ బాధను తక్కువ చేసి మాట్లాడను. అయితే కీబోర్డు దగ్గర కూర్చున్న కాతిబుకు ఒక సంగతి ముందే తెలుసు. ఏ అక్షరం ఏ అక్షరం ఒడిలో కూర్చుంటుంది, పంక్తి ఎక్కడ ఏటవాలుగా దిగాలి, పత్రికలో వధూవరుల పేర్ల చుట్టూ ఎంత ఖాళీ విడవాలి అన్నది. యంత్రం మాత్రమే నేర్చినవాడు కూర్చిన పత్రికకూ, కలం ఎరిగినవాడు కూర్చిన పత్రికకూ తేడా చూడగానే తెలుస్తుంది.

మన తెలుగువాళ్లలో ఈ దారి మార్పుకు అందరూ ఎరిగిన ఉదాహరణ బాపు. 1955లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసిన మనిషి కోర్టుకు పోలేదు. పత్రికలకు కార్టూన్లు వేశారు. జె. వాల్టర్ థాంప్సన్ లాంటి ప్రకటనల సంస్థలో పనిచేశారు. లెక్కలేనన్ని పుస్తకాలకు ముఖచిత్రాలు గీశారు. 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకుడయ్యారు. ఆయన చేతిరాతే చివరికి కంప్యూటర్ ఫాంట్ అయింది. ఇవాళ ఊరూరా పెళ్లి పత్రికల మీద, దుకాణాల బోర్డుల మీద ఆ వంపులే కనిపిస్తాయి. ఇన్ని శాఖలు మారినా ఆయన ఒక్కసారి కూడా గీతను వదిలిపెట్టలేదని గమనించాలి. కార్టూన్‌లో తక్కువ గీతలతో ఎక్కువ చెప్పడం నేర్చిన చేయి, సినిమాలో ఒక్కో షాటును ముందే బొమ్మగా గీసుకుంది. పాతది కొత్తదానికి పెట్టుబడి అయింది.

ఆ 'సాక్షి'తోనే ఇంకో మనిషి ప్రయాణం కూడా మొదలైంది. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్. కుంచెతో బొమ్మలేసే చేయి సినిమా పోస్టరుకు వచ్చింది. అక్కడి నుంచి దశాబ్దాల పాటు సినిమాల పేర్లకు అక్షరాలు, గోడలకు పోస్టర్లు, పత్రికలకు ప్రకటనలు చేశారు. చివరికి తన అనుభవాన్నీ, పోస్టరు చరిత్రనూ 'సినిమా పోస్టర్' అనే పుస్తకంగా రాశారు. 2021లో కన్నుమూశారు. డిజైన్ నుంచి డిజైన్ గురించి రాయడానికి రావడం కూడా ఒక శాఖ మారడమే. మన భాషలో ఆ శాఖలోకి వచ్చినవాళ్లు బహు కొద్దిమంది.

మూడో పేరు చెబుతాను. ఈయన తెలుగువాడు కాదు, కానీ తెలుగు చదివేవాళ్లందరి కంటిముందూ ఈయన పని ఉంది. ఆర్. కె. జోషి. మరాఠీ మనిషి, కవి, బొంబాయిలోని ఉల్కా ప్రకటనల సంస్థలో ఆర్ట్ డైరెక్టర్. మంచి హోదా, మంచి జీతం ఉన్న రోజుల్లోనే ఆయన మనసు భారతీయ లిపుల మీదికి మళ్లింది. ప్రకటనల రంగం వదిలి ఐఐటీ బొంబాయిలోని డిజైన్ కేంద్రంలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. లిపుల కోసం దేశం తిరిగారు. ఆ తర్వాత కంప్యూటర్ శాస్త్రజ్ఞులతో కలిసి ఫాంట్లు రూపొందించారు. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో మన కంప్యూటర్లలోకి వచ్చిన గౌతమి అనే తెలుగు ఫాంట్ ఆయన పర్యవేక్షణలో తయారైందే. సబ్బులూ నూనెలూ అమ్మే ప్రకటనలో ఒక మాట కంటిని ఎట్లా ఆపుతుందో తెలిసిన మనిషి, ఆ తెలివినంతా ఒక లిపి మొత్తానికి ధారపోశాడు.

వీళ్లంతా చేసిన పని మీద ఆలోచించగా నాకు తోచిన సంగతి ఒకటి మీ ముందు పెడతాను. గ్రాఫిక్ డిజైన్‌లో శాఖకూ శాఖకూ ఉన్న అసలు తేడా సాఫ్ట్‌వేర్‌లో లేదు. చూపు దూరంలో ఉంది. ఫ్లెక్సీని 40 అడుగుల నుంచి, కదులుతూ చూస్తారు. సినిమా పోస్టరును రోడ్డు అవతలి నుంచి చూస్తారు. పచ్చడి సీసా మీది చీటీని కొట్టులో చేయి చాచినంత దూరం నుంచి చూస్తారు. పుస్తకం పేజీని మూరెడు దూరంలో పెట్టుకుని గంటలకొద్దీ చదువుతారు. ఫోన్ తెరను అడుగు దూరంలో పట్టుకుని, బస్సులో నిలబడి, ఒక్క బొటనవేలితో నొక్కుతారు. దూరం మారితే అక్షరం పరిమాణం మారుతుంది, రంగు మోతాదు మారుతుంది, ఖాళీ మారుతుంది, చదివేవాడి ఓపిక మారుతుంది. శాఖ మారాలనుకునేవాడు మొట్టమొదట తన కంటిని ఆ కొత్త దూరానికి అలవాటు చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ నేర్వడం కొన్ని నెలల పని. కంటిని మార్చుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. చాలామంది మొదటిది నేర్చి, రెండోది జరగక వెనక్కి వస్తారు.

మాథ్యూ కార్టర్ అనే ఆంగ్లేయుడి జీవితం ఈ మాటకు మంచి సాక్ష్యం. 1955 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే అచ్చుకూటంలో ఉక్కు మీద అక్షరాలు చెక్కడం నేర్చాడు. లోహపు అచ్చు పోయి ఫిల్ము మీద అక్షరాలు కూర్చే కాలం వచ్చింది. అందులోకి మారాడు. 1978లో అమెరికా టెలిఫోన్ డైరెక్టరీ కోసం బెల్ సెంటెనియల్ అనే అక్షరాలు చేశాడు. నాసి కాగితం మీద, సన్నని సైజులో, వేగంగా అచ్చయ్యేటప్పుడు సిరా పాకి మూలలు పూడుకుపోతాయి కాబట్టి, అక్షరాల సందుల్లో ముందే గంట్లు పెట్టాడు. సిరా వచ్చి ఆ గంట్లను నింపుతుంది, అక్షరం సరిగ్గా కనబడుతుంది. 1996లో కంప్యూటర్ తెర కోసం వెర్డానా అనే ఫాంట్ చేశాడు. అక్కడ సిరా లేదు, చుక్కలున్నాయి. లోహం, ఫిల్ము, తెర అని సరుకు మారుతూ వచ్చింది. ఈ అక్షరాన్ని ఎవరు, ఎంత దూరం నుంచి, ఎట్లాంటి వెలుతురులో, దేని మీద చదువుతారు అన్న ప్రశ్నను మాత్రం ఆయన ఎన్నడూ విడిచిపెట్టలేదు.

వయసు మీరిపోయిందని భయపడేవాళ్లకు మ్యూరియల్ కూపర్ గురించి చెప్పాలి. అమెరికాలో ఎంఐటీ ప్రెస్ పుస్తకాల రూపకర్త. ఏడు నిలువు గీతలతో ఆ సంస్థ గుర్తును గీసింది ఆమే. ఏళ్లకొద్దీ అచ్చు పుస్తకాలు చేశాక, 1970లలో కంప్యూటర్ తెర మీద అక్షరం ఎట్లా ప్రవర్తించాలన్న పరిశోధన మొదలుపెట్టారు. అప్పటికి ఆమెకు యాభై దగ్గర పడుతోంది. 1994లో, తన 68వ ఏట, అక్షరాలు తెర లోపల లోతుగా తేలుతుంటే పాఠకుడు వాటి మధ్య నుంచి ప్రయాణించే నమూనాలను లోకానికి చూపించారు. కొద్ది నెలలకే మరణించారు. ఆమె శిష్యులు ఆ దారిని ముందుకు తీసుకుపోయారు.

ఇప్పుడు మళ్లీ ఛత్రినాకకు వద్దాం. నా అసలు మాట ఇక్కడుంది.

ఇవాళ మన ఫోన్లలో తెలుగు కనబడుతోంది. బ్యాంకు యాప్‌లో తెలుగు, కరెంటు బిల్లు యాప్‌లో తెలుగు, ఆసుపత్రి చీటీలో తెలుగు. కానీ ఆ తెలుగును తెర మీద అమర్చినవాళ్లలో చాలామంది తెలుగు చదవలేరు. ఇంగ్లిషులో మొత్తం తయారుచేసి, ఆ పెట్టెల్లోనే తెలుగును కూరతారు. ఫలితం మీరందరూ చూసే ఉంటారు. 'రాష్ట్రం' అన్న మాటలో కింది ఒత్తు తెగిపోయి ఉంటుంది. 'లక్ష్మి'లో మకారపు ఒత్తు కింది పంక్తి నెత్తి మీద ఎక్కుతుంది. క్రియాపదం పొడవైతే బటన్‌లో పట్టక మూడు చుక్కలుగా మిగిలిపోతుంది. పెద్దాయన ఆ బటన్ ఏమి చేయమంటుందో తెలియక ఫోన్ మనవడికి ఇస్తాడు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉన్నాయి, కింద ఒత్తులు ఉన్నాయి, కొన్నిచోట్ల ఒత్తు కింద ఒత్తు ఉంది. ఇంగ్లిషు పంక్తికి సరిపోయే ఎడం మనకు చాలదు. ఈ సంగతి ఫ్లెక్సీ చేసే తమ్ముడికి చెప్పనక్కర లేదు. 'శ్రీ', 'స్త్రీ' అన్న అక్షరాల కోసం పంక్తుల మధ్య జాగా వదలడం అతని చేతికి అలవాటైన పని.

మన లిపి ఎంత జాగ్రత్త కోరుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలిపోయింది. మూసి తెరిచినా మళ్లీ అదే. ఆపిల్ ఆ నెల 19న ప్రత్యేకంగా ఒక సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అది ప్రోగ్రాములోని లోపం, డిజైన్ లోపం కాదు. అయినా తెలుగు అక్షరం కట్టుబడి తెలిసినవాళ్లు ఇట్లాంటివి తయారయ్యే గదుల్లో ఎంత అవసరమో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

అంటే, తెలుగు చూడటం తెలిసినవాళ్లు ఇక్కడ ఫ్లెక్సీ దుకాణాల్లో ఉన్నారు. తెలుగు తెరలు తయారయ్యే ఉద్యోగాలు ఊరికి అవతలి కొసన, మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో ఉన్నాయి. మన ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కితే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగవచ్చు. రైలు దారి ఒకటే ఉంది కానీ, పని దారి ఇంకా పడలేదు. అది పడాలన్నదే నా కోరిక.

ఇక ఆ దారిలో నడవాలంటే మార్చుకోవాల్సినవి ఏమిటో దాపరికం లేకుండా చెబుతాను.

మొదటిది యూనికోడ్. మన దుకాణాల్లో ఏళ్లుగా అను ఫాంట్లతో కొడుతున్నాం. అందులో తెర మీద తెలుగు కనబడుతుంది కానీ, లోపల దాచి ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. వెతికితే దొరకదు, ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి. తెర మీద పనిచేయాలంటే యూనికోడ్ తప్ప దారి లేదు. ఇది రేపటి కోసం ఆపవలసిన పని కాదు, ఇవాళ దుకాణంలోనే మొదలుపెట్టవచ్చు. సిలికానాంధ్ర సంస్థ ద్వారా పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటితో ఒక బోనాల ఫ్లెక్సీ చేసి చూడండి. మన ముసలి సాఫ్ట్‌వేర్ కూర్పులు కొన్ని ఒత్తులను చెదరగొడతాయి, కొత్త కూర్పుల్లో సరిగా వస్తాయి. ఆ తేడా పట్టుకోవడమే మొదటి పాఠం.

రెండోది అలంకారం. ఫ్లెక్సీలో అక్షరానికి అంచు, నీడ, మెరుపు అన్నీ వేస్తాం. సాగదీస్తాం. దూరం నుంచి చూసేవాడికి అవి సాయం చేస్తాయి. అడుగు దూరంలో అవే కంటికి అడ్డం పడతాయి. తెర మీద మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం ఒకటుంది. చూపు మందగించినవాళ్లు కూడా చదవాలి కదా. ఎర్రమీద పసుపు వేసి అలవాటైన మనకు ఆ ప్రమాణం వెనకున్న బుద్ధి వెంటనే ఎక్కుతుంది. అలంకారం వదులుకోవడమే కష్టం. వదులుకోవాలి.

మూడోది అన్నిటికంటే గట్టిది. దుకాణంలో గిరాకీ మన కుర్చీ వెనకే నిలబడి ఉంటాడు. "ఇది పెద్దగ చెయ్యన్నా, అది ఇటు జరుపన్నా" అంటాడు. అతను సంతోషిస్తే పని అయిపోయింది. ఫ్లెక్సీ ఆయుష్షు వారం పది రోజులు. యాప్ డిజైన్‌లో వాడే మనిషి మన ఎదుట ఉండడు. అతను ఎక్కడో తప్పు నొక్కుతాడు, నెట్ పోతుంది, ఓటీపీ రాదు, డబ్బు కట్ అయి రసీదు రాదు. ఇన్ని సందర్భాలకూ ముందే ఆలోచించి ఒక్కో తెర గీయాలి. గీసినదాన్ని నలుగురు అసలు మనుషుల చేతిలో పెట్టి, నోరు మూసుకుని, వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో చూడాలి. వివరించి చెప్పాలని మనకు నాలుక దురద పెడుతుంది. చెప్పకూడదు. ఈ ఓపిక ఎవరికీ పుట్టుకతో రాదు, అభ్యాసంతో వస్తుంది.

అభ్యాసానికి ఏ కోర్సూ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కరెంటు బిల్లు తీసుకోండి. బస్తీ దవాఖాన చీటీ తీసుకోండి. కళాశాల ఫీజు రసీదు తీసుకోండి. దాన్ని తెలుగులో, ఫోన్ తెర మీద, మీ అమ్మ ఒక్కతే ఎవరినీ అడగకుండా వాడుకునేటట్టు గీయండి. ఫిగ్మా లాంటి పనిముట్టు బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మొదలుపెట్టడానికి పైసా కట్టనక్కర లేదు. గీసింది అమ్మకు చూపండి, ఆమె తడబడిన చోట మళ్లీ గీయండి. మొదట ఎట్లా ఉండేది, ఎందుకు మార్చారు, ఆమె ఏమన్నది, రాసి పెట్టుకోండి. ఉద్యోగమిచ్చేవాడికి మీ వందల ఫ్లెక్సీలు చూపవద్దు. ఇట్లాంటివి మూడు, వాటి వెనకున్న ఆలోచనతో సహా చూపండి. అతను కొనేది మీ ఆలోచననే.

క్రమంగా చదవాలనుకునేవాళ్లకు మన ఊళ్లోనే చోట్లున్నాయి. మాసాబ్‌ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ ఉంది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఐఐటీలో చేరాలంటే ఇంటర్ తర్వాత యూసీడ్, డిగ్రీ తర్వాత సీడ్ అనే పరీక్షలు రాయాలి. ఇంటి బరువు మోస్తున్నవాళ్లకు అది అందరికీ కుదరదు. అట్లాంటివాళ్లు ఉన్న ఉద్యోగం వదలకుండా రోజుకు గంటా గంటన్నర కేటాయించి, ఒక ఏడాది గడువు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఒకేసారి కుర్చీ వదిలేసి, మూడు నెలల్లో లక్షల జీతమని చెప్పే ప్రకటనను నమ్మి అప్పుచేసి ఫీజు కట్టవద్దు. మొదటి ఉద్యోగంలో మీకంటే చిన్నవాళ్ల కింద పనిచేయాల్సి రావచ్చు, జీతం కూడా ఇప్పటికంటే తగ్గవచ్చు. ఆ సంగతి భార్యాభర్తలు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

అందరూ తెర వైపే పోవాలని కూడా నేననను. అచ్చు వాసన మీద ప్రేమ ఉన్నవాళ్లు ప్యాకింగ్ వైపు చూడండి. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు ఇంటింటా చేసి అమ్ముతున్న కాలమిది. డబ్బా మడతలు ఎక్కడ వస్తాయి, శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఎక్కడ పెట్టాలి, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం ఎట్లా ఉండాలి, బరువు అంకెలు ఎంత సైజులో ఉండాలి అన్న నియమాలు నేర్చుకుంటే ఆ పని ఇక్కడి నుంచే చేయవచ్చు. అక్షరం మీదే ప్రాణమున్నవాళ్లు ఫాంట్ల రూపకల్పనకు పోవచ్చు. తెలుగుకు దినపత్రిక ఫాంట్లు, పిల్లల పుస్తకాల ఫాంట్లు, చిన్న తెరల ఫాంట్లు ఇంకా ఎన్నో కావాలి. ఒక్క తెలుగు ఫాంట్‌కు వందల రూపాలు గీయాలి కాబట్టి అది నెలల పని, ఒక్కోసారి ఏళ్ల పని. మన పెయింటర్ల చేతిరాత బోర్డులు ఇంకా కొన్ని శాలిబండ, అలియాబాద్ గల్లీల్లో మిగిలి ఉన్నాయి. వాటిని ఫోటోలు తీసి దాచుకోండి. రేపు ఒక మంచి ఫాంట్‌కు అవే మూలం కావచ్చు.

ఇంగ్లిషు రాదన్న భయం గురించి ఒక్క మాట. సమావేశాల్లో ఇంగ్లిషు కావాలి, నిజమే. నేర్చుకోవాలి. కానీ తెలుగు తెర గీసే పనిలో ఇంగ్లిషు మాత్రమే వచ్చినవాడి కంటే మీరు ఒక మెట్టు పైనున్నారు. ఆ మాట తల ఎత్తుకుని చెప్పండి.

చివరగా ముగ్గురికి నా విన్నపం. ఫ్లెక్సీ దుకాణాల యజమానులారా, మీ దగ్గర పనిచేసే పిల్లలు నేర్చుకోవడానికి సాయంత్రం ఒక గంట అడిగితే, పండుగ రోజులు కాకపోతే ఇవ్వండి. తెలుగులో యాప్‌లు తెస్తున్న సంస్థల పెద్దలారా, మీ డిజైన్ గదిలో తెలుగు చదివి, తెలుగు రాసి, తెలుగు అక్షరాన్ని చేత్తో తూచగల మనిషి కనీసం ఒక్కరైనా ఉండేటట్టు చూడండి. అట్లాంటివాళ్లు కావాలంటే డిగ్రీ కాగితం పక్కన పెట్టి, పాతబస్తీ దుకాణాల్లో వెతకండి. ఇక కుర్చీలోంచి లేవాలా వద్దా అని తటపటాయిస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ బోనాలు అయ్యాక పని పలచబడుతుంది. ఆ రోజుల్లోనే ఇంట్లోని కరెంటు బిల్లు తీసి మొదలుపెట్టండి.